లాడ్జి బాత్రూముల పని: గురి, హద్దు, లెక్క

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఒక పాత లాడ్జి అనుకోండి. నాలుగు అంతస్తులు, అంతస్తుకు 5 చొప్పున 20 గదులు. బాత్రూముల్లో లీకులు, కింది గది సీలింగుకు చెమ్మ, తెల్లవారుజామున వేడినీళ్లు రావు. ఓనరు మేస్త్రీని పిలిచి "బ్రహ్మోత్సవాల లోపల బాత్రూములన్నీ కొత్తగా చేసిపెట్టాల" అంటాడు. "చేసేద్దాం సార్" అంటాడు మేస్త్రీ. అడ్వాన్సు చేతులు మారుతుంది. ఎన్ని గదులు, ఏ తేదీకి, ఎంతలో, ఏది చూసి "అయింది" అనుకోవాలి? ఈ నాలుగింటిలో ఒక్కటీ ఆ మాటల్లో స్పష్టంగా లేదు. తర్వాత వచ్చే తగాదాలన్నీ ఆ ఖాళీల్లోంచే పుడతాయి.

ఈ లాడ్జినే ఉదాహరణగా పెట్టుకుని గురి ఎలా రాయాలో, పనికి హద్దు ఎలా గీయాలో, సాగుతోందా లేదా అన్నది ఎలా కొలవాలో చూద్దాం. రూపాయల అంకెలు ఉదాహరణకే, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. పద్ధతి మాత్రం కల్యాణ మండపానికైనా, మామిడి గుజ్జు యూనిట్‌కైనా, ఆఫీసులో సాఫ్ట్‌వేరు పనికైనా ఇదే.

గురి: తేదీ, అంకె, పరీక్ష

ముందు తేదీ. "బ్రహ్మోత్సవాల లోపల" అన్నది తేదీ కాదు. తిరుమలలో బ్రహ్మోత్సవాలు మొదలయ్యే ధ్వజారోహణం 2024లో అక్టోబరు 4న, 2025లో సెప్టెంబరు 24న. అధిక మాసం వచ్చిన ఏడాది బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరుగుతాయి. 2023లో అధిక శ్రావణం రావడంతో వార్షికం సెప్టెంబరు 18న, నవరాత్రి బ్రహ్మోత్సవాలు అక్టోబరు 15న మొదలయ్యాయి. అందుకని పోయిన ఏటి క్యాలెండరు చూసి మాట ఇవ్వొద్దు. ఈ ఏటి పంచాంగం తీసి, ధ్వజారోహణం తేదీ చూసి, దానికి 10 రోజులు వెనక్కి లెక్కపెట్టి, అదే పని ముగియాల్సిన తేదీ అని రాయండి. ఆ 10 రోజులూ గదులు కడుక్కోవడానికి, పరుపులు వేయడానికి, రెండు మూడు రాత్రులు అద్దెకిచ్చి లోపాలు పట్టుకోవడానికి. ఐదో రోజు గరుడ సేవకు ఊరు కిక్కిరిసిపోతుంది. ఆ రోజు గదిలో ట్యాపు బిగిస్తూ కూర్చునే పరిస్థితి రాకూడదు.

తర్వాత, టైల్స్ వేయడమే గురి అనుకోకండి. యాత్రికుడికి టైల్ రంగు గుర్తుండదు, చన్నీళ్ల స్నానం గుర్తుంటుంది. దర్శనం టోకెన్ల క్యూకు పోయేవాళ్లు, మొదటి బస్సులో కొండెక్కేవాళ్లు తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య లేస్తారు. అన్ని గదుల్లో ట్యాపులు ఒకేసారి తిరిగేది అప్పుడే. కాబట్టి గురి ఇలా ఉండాలి:

"ధ్వజారోహణానికి 10 రోజుల ముందు నాటికి 20 బాత్రూములు సిద్ధం. 48 గంటలు నీళ్లు నిలబెట్టినా కింది సీలింగుకు చెమ్మ దిగకూడదు. తెల్లవారుజామున 4 గంటలకు ఒకేసారి 8 గదుల్లో ట్యాపు తిప్పితే ప్రతి గదిలోనూ 2 నిమిషాల లోపు వేడినీళ్లు రావాలి. మొత్తం ఖర్చు 24 లక్షలు దాటకూడదు."

ఆ 2 నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్) పైపులో మీటరుకు సుమారు పావు లీటరు నీళ్లు పడతాయి. మిద్దె మీది వేడినీళ్ల ట్యాంకు నుంచి గది 30 మీటర్ల దూరంలో ఉంటే, పైపులో చల్లారిపోయిన 7, 8 లీటర్లు పోయాకే వేడినీళ్లు అందుతాయి. నిమిషానికి 5 లీటర్లు పోసే ట్యాపుకు అది నిమిషంన్నర. కాస్త వెసులుబాటు కలిపితే 2 నిమిషాలు. ఎవరో ఉత్సాహపడి "30 సెకన్లలో రావాల" అని రాస్తే, నీళ్లు తిప్పుతూ ఉండే పంపు, తిరుగు పైపు లైను వేయాలి. అది వేరే ఖర్చు, వేరే పని. గురిలో రాసే ప్రతి అంకె వెనకా ఇలాంటి చిన్న లెక్క ఉండాలి. లేకపోతే అది కోరికే.

మరొకటి, చాలామంది వదిలేసేది: పని మొదలుపెట్టక ముందు పరిస్థితి ఎలా ఉందో రాసి పెట్టుకోవడం. రిసెప్షన్‌లో ఒక నోటుబుక్కు పెట్టి, నెల రోజులు ఏ గది నుంచి ఏ ఫిర్యాదు, ఎన్ని గంటలకు వచ్చిందో రాయించండి. ఇది లేకుండా పని అయ్యాక "బాగుపడింది" అనడానికి ఆధారమే ఉండదు.

మచ్చు గది

కొటేషన్ తీసుకోక ముందే ఒక బాత్రూమును పూర్తిగా పగలగొట్టి, మొదటి నుంచి చివరి దాకా చేయించండి. పాత టైల్స్ కింద ఏముందో గోడ బయటి నుంచి ఎవరికీ తెలీదు. శ్లాబు కమ్ములు తుప్పుపట్టి ఉండొచ్చు, బాత్రూము కింద పల్లంగా వదిలిన సంకెన్ శ్లాబులో నింపిన రద్దు (ఇటుక, సిమెంటు ముక్కలు) నీళ్లు పీల్చి ఉబ్బి ఉండొచ్చు. మచ్చు గది మూడు నిజాలు చెబుతుంది: ఒక గదికి అసలు ఎన్ని రోజులు, ఎంత సరుకు, ఎంత ఖర్చు. మన ఉదాహరణలో 18 రోజులు, లక్ష రూపాయలు పట్టిందనుకుందాం. 20 గదులకు 20 లక్షలు, మిద్దె మీది ట్యాంకు, వేడినీళ్ల లైనుకు 2 లక్షలు, అనుకోని వాటికి 2 లక్షలు. మొత్తం 24. ఆ చివరి 2 లక్షలు షవర్లు ఖరీదైనవి కొనడానికి కాదు, పగలగొట్టాక బయటపడే తుప్పు కమ్ముల కోసం.

హద్దు: చేయని పనులు ముందు రాయండి

మూడు వరుసల కాగితం చాలు: చేసేవి, చేయనివి, తర్వాత చూసేవి. రెండో వరుసను ముందు నింపండి. అదే కష్టమైనది, అదే డబ్బు కాపాడేది. "గది లోపలి పెయింటు లేదు. కరిడార్ ఫ్లోరింగ్ లేదు. సంపు, బోరు పని లేదు. బాత్రూము తలుపు చెక్కలు మార్చడం లేదు." ఇలా రాసి ఓనరూ మేస్త్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి.

చేసేవాటిలో తగాదా వచ్చేది పెద్ద పనుల దగ్గర కాదు, రెండు పనుల మధ్య సందులో. రద్దు ఎవరు దించాలి, ట్రాక్టరు ఎవరిది? గుడి చుట్టూ వీధులు ఇరుకు, పగటి పూట బండి నిలపడానికే చోటుండదు, కాబట్టి రద్దు తీసే వేళ కూడా రాయాలి. పైపు కోసం కొట్టిన గాడి పడక గది వైపు గోడకు బయటపడితే దాన్ని పూడ్చేది బేల్దారా (తాపీ పనివాడా), పెయింటరా? ప్లంబరు బిగించిన, నేల మీది నీళ్లు పోయే నహానీ ట్రాప్‌లో టైల్స్ వాళ్ల సిమెంటు పడి గట్టిపడితే ఎవరు బాధ్యులు? ఇవి రాయకపోతే ప్రతిదానికీ "అది మన కాంట్రాక్టులో లేదు కదన్నా" అన్న మాటే వస్తుంది.

కొలతలు కూడా హద్దులో భాగమే. 6 అడుగులు, నాలుగున్నర అడుగుల బాత్రూముకు గోడల చుట్టుకొలత 21 అడుగులు. 7 అడుగుల ఎత్తు టైల్స్ అంటే 147 చదరపు అడుగులు. తలుపుకు 17.5, వెంటిలేటరుకు 3 తీసేస్తే 126.5. కోతల్లో పోయేది 8 శాతం కలిపితే గదికి సుమారు 137, 20 గదులకు దాదాపు 2,732 చదరపు అడుగులు. 12 అంగుళాలు బై 18 అంగుళాల టైల్ ఒకటి ఒకటిన్నర చదరపు అడుగు, అంటే 1,821 పైచిలుకు టైల్స్. బాక్సుకు 6 వస్తే 304 బాక్సులు. ఇవన్నీ ఒకేసారి, ఒకే బ్యాచ్ నంబరువి కొనండి. సగం ఇప్పుడు, సగం రెండు నెలల తర్వాత కొంటే అదే డిజైన్ అయినా రంగులో తేడా పడుతుంది. రిపేర్ల కోసం ఇంకో 5 బాక్సులు అటక మీద పెట్టుకోండి.

అంతస్తు కాదు, పైపు వరస

20 గదుల్నీ ఒకేసారి మూస్తే రాబడి ఆగిపోతుంది. విడతలుగా చేయాలి. ఇక్కడ సహజంగా అందరూ చేసే తప్పు, ఒక్కో అంతస్తూ తీసుకోవడం. డ్రైనేజీ పైపు పై నుంచి కిందికి నిలువుగా పోతుంది. 101, 201, 301, 401 ఒకే పైపు మీద ఉంటాయి. మొదటి అంతస్తు పూర్తిచేసి తాళాలు ఇచ్చాక పైన పగలగొడితే, ఆ మురికినీళ్లు కొత్త సీలింగులోకే దిగుతాయి. అంతస్తు పని చేసిన ప్రతిసారీ అన్ని వరసల నీళ్లూ ఆపాల్సి వస్తుంది. కాబట్టి నిలువుగా నాలుగు గదులు ఒక విడత. మనకు ఐదు విడతలు, మిగతా వరసలు నడుస్తూనే ఉంటాయి. 14 రోజులకొక విడత మొదలుపెడితే, ఆఖరిది 57వ రోజున మొదలై 74వ రోజుకు అవుతుంది. 84 రోజులు చేతిలో పెట్టుకుంటే 10 రోజులు మిగులు. ఆ మిగులును విడతకు రెండు రోజుల చొప్పున పంచకండి. పంచిపెట్టిన రోజులు వాడకపోయినా ఖర్చయిపోతాయి. మొత్తం చివర్లో, ఓనరు చేతిలో ఉంచండి.

సెలవులు ఎక్కడ పడతాయో కూడా ముందే గుర్తు పెట్టుకోండి. ఆడి కృత్తికకు కావళ్లెత్తి పోయేవాళ్లు చిత్తూరు వైపు ఎక్కువ. వినాయక చవితికి పని ఆగుతుంది, అదే రోజు మొదలయ్యే కాణిపాకం బ్రహ్మోత్సవాలకు కూలీలు జారుకుంటారు. వేసవిలో పని పెట్టుకుంటే గంగ జాతర వారం కలుపుకోండి. మిద్దె మీది ట్యాంకు, పైపుల పని మొదటి నెలలోనే ముగించాలి. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయినా, ఆగస్టు, సెప్టెంబరు సాయంత్రాల ఉరుముల వాన ఒక్కటి చాలు పని చెడగొట్టడానికి.

మధ్యలో వచ్చే కోరికలు

మూడో వారంలో ఓనరు బావమరిది వస్తాడు. "ఎట్లాగూ చేస్తున్నారు కదా బావా, అన్నిటికీ ఏసీలు పెట్టించేయ్." ఈ "ఎట్లాగూ" అన్న మాట వినపడగానే చీటీ తీయాలి. చీటీలో ఐదు గళ్లు: ఏం మార్పు, ఎందుకు, ఎన్ని రూపాయలు, ఎన్ని రోజులు, దీనికోసం ఏది వదిలేస్తాం. కింద ఒక్క సంతకం. ఆ సంతకం పెట్టే హక్కు ఒక్కరికే ఉండాలి. ఓనరుకు, కొడుక్కు, మేనేజరుకు ముగ్గురికీ ఉంటే మేస్త్రీ ఎవరి మాట సులువో వాళ్ల మాట వింటాడు.

ఏసీ సంగతే చూద్దాం. ఒకటిన్నర టన్ను ఏసీ సుమారు 1.6 కిలోవాట్లు లాగుతుందనుకుంటే 20 గదులకు 32 కిలోవాట్లు. అంత లోడుకు కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ దగ్గర మంజూరు లోడు పెంచుకోవాలి, మెయిన్ కేబుల్ మార్చాలి, ట్రాన్స్‌ఫార్మరు చాలుతుందో లేదో చూడాలి. అంటే ఇది బాత్రూముల పనికి అదనం కాదు, వేరే ప్రాజెక్టు. దాన్ని మూడో వరుసలోకి పంపండి. అయితే ఏసీ నీళ్లు పోయే సన్న పైపు మాత్రం ఇప్పుడే గోడలో వేయించండి, ఎందుకంటే గోడ ఇప్పుడే తెరిచి ఉంది. మార్పు అడిగిన ప్రతిసారీ వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: టైల్స్ పడ్డాక చేయాలంటే మళ్లీ పగలగొట్టాలా? అవునంటే ఇప్పుడే ఆలోచించండి, కాదంటే ఆగొచ్చు.

తుప్పు కమ్ములు బయటపడటం ఈ కోవలోకి రాదు. అది ఎవరి కోరికా కాదు, చేసి తీరాలి. చీటీ రాయండి, కానీ డబ్బు ఆ 2 లక్షల్లోంచి తీయండి.

"అయింది" అంటే

"తొంభై శాతం అయింది సార్" అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు. మిగిలిన ఆ పది శాతానికే మూడు వారాలు పడుతుంది. గది అయిందా, కాలేదా, అంతే. కింది పరీక్షలన్నీ దాటి, తాళం రిసెప్షన్‌కు చేరితే ఒకటి. లేకపోతే సున్నా.

పైపు పరీక్ష: జాయింట్లకు పూసిన సాల్వెంట్ ఆరాక, మరుసటి రోజు, హ్యాండ్ పంపుతో మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించండి. రెండు గంటలు మీటరు ముల్లు దిగకూడదు. గాడి పూడ్చక ముందే ఇది జరగాలి.

నీళ్లు నిలబెట్టే పరీక్ష: వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలూ ఆరాక, ట్రాప్ మూసేసి రెండంగుళాల దాకా నీళ్లు నింపి, మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్ గీత గీయండి. 48 గంటలు. అదే గదిలో ఒక బకెట్‌లోనూ నీళ్లు పోసి గీత పెట్టండి. ఎండకు, గాలికి బకెట్‌లో ఎంత తగ్గిందో నేల మీదా అంతే తగ్గాలి. నేల మీద ఎక్కువ తగ్గితే లీకు ఉన్నట్టే. కింది గదికి వెళ్లి ట్రాప్ చుట్టూ సీలింగు చేత్తో తడమండి. లీకు మొదట అక్కడే కనిపిస్తుంది, ఎందుకంటే పైపుకూ శ్లాబుకూ మధ్య సందు సరిగా పూడ్చరు.

వాలు: 80కి 1. ఆరడుగుల పొడవుకు సుమారు 23 మిల్లీమీటర్లు. టైల్స్ పడ్డాక మూలల్లో మగ్గు నీళ్లు పోసి చూడండి, రెండు నిమిషాల తర్వాత మడుగు ఉండకూడదు. ఉంటే ఆ టైల్స్ లేపాల్సిందే, టైల్స్ సందులు పూడ్చే గ్రౌట్‌తో సర్దుబాటు కాదు.

మేస్త్రీ డబ్బును కూడా ఈ పరీక్షలకే ముడిపెట్టండి. విడత కూలీలో 30 శాతం పైపు పరీక్ష దాటాక, 30 శాతం నీళ్లు నిలిచాక, 35 శాతం తాళాలు ఇచ్చాక, 5 శాతం ఆపి ఉంచాలి. అడ్వాన్సును మొదటి రెండు విడతల్లో విరగ్గోయండి. వారం వారం హాజరు చూసి డబ్బిస్తే హాజరే పెరుగుతుంది, గదులు కావు.

46వ రోజు లెక్క

ప్రతి విడత ముగిసే తేదీన ఈ అంకెలు రాయండి. 46వ రోజుకు మూడు విడతలు, అంటే 12 గదులు కావాలి. గదికి లక్ష చొప్పున, కావాల్సిన పని విలువ 12 లక్షలు. నిజంగా తాళం చేరినవి 9 గదులే అనుకోండి, అయిన పని విలువ 9 లక్షలు. ఈ పనికి ఖర్చయింది 11 లక్షల 25 వేలు. గోదాములో పేర్చిన టైల్స్ ఇందులో కలపకండి, అది ఇంకా సరుకే. వాడినదాన్నే ఖర్చు అనాలి.

9ని 12తో భాగిస్తే 0.75. అనుకున్న వేగంలో ముప్పావు వంతే నడుస్తోంది. 9ని 11.25తో భాగిస్తే 0.8. రూపాయి పెడితే 80 పైసల పని దిగుతోంది. ఇలాగే సాగితే 20 గదులకు 20 భాగించు 0.8, అంటే 25 లక్షలు. చేతిలో ఉన్న అదనం 2 లక్షలు, తక్కువ పడేది 5. ఇక రోజులు: గత 14 రోజుల్లో 3 గదులే అయ్యాయనుకుంటే మిగిలిన 11కు 51 రోజులు పైన. 46కు 51 కలిపితే 97. మన గడువు 84, ధ్వజారోహణం 94. అంటే ఆఖరి తాళం గరుడ సేవకు ముందు రోజు చేరుతుంది. ఇది 46వ రోజున తెలిస్తే చేయగలిగింది ఉంది. 80వ రోజున తెలిస్తే క్షమాపణలు చెప్పుకోవడమే.

చేయగలిగిందేమిటి? ముందు ఎక్కడ ఆగుతోందో చూడండి. టైల్స్ వాళ్ల కోసం గదులు ఖాళీగా కాచుకుని ఉంటే రెండో టైల్స్ జట్టును దింపండి, పనికొస్తుంది. సిమెంటు, వాటర్‌ప్రూఫింగ్ ఆరడం దగ్గర ఆగుతుంటే మనుషుల్ని పెంచి లాభం లేదు. ఆ 48 గంటల పరీక్షను 12కు కుదించమని మేస్త్రీ అడుగుతాడు, అసలు ఒప్పుకోవద్దు. అప్పుడు మిగిలే దారి హద్దు తగ్గించడం. ఇంకా మొదలుపెట్టని ఐదో వరస నాలుగు గదుల్ని ముట్టుకోకుండా, పాత బాత్రూములతోనే అద్దెకిచ్చి, వైకుంఠ ఏకాదశి రద్దీ, సంక్రాంతి దాటాక చేయడం. మిగిలిన 7 గదులకు ఇదే వేగంతో 33 రోజులు, 79వ రోజుకు అయిపోతుంది. డబ్బు మాత్రం ఈ మార్గంలో ఆదా కాదు, వాయిదా పడుతుందంతే. అది ఓనరుకు విడమరిచి చెప్పాలి.

పని అయ్యాక

తాళాలన్నీ చేరడంతో ప్రాజెక్టు ముగిసినట్టే, గురి అందినట్టు కాదు. మొదట రాయించిన ఫిర్యాదుల నోటుబుక్కు మళ్లీ తెరవండి. ఉత్త సంఖ్యలు పోల్చొద్దు, బ్రహ్మోత్సవాల వారంలో గదులన్నీ నిండి ఉంటాయి, మామూలు వారంలో ఉండవు. ఎన్ని గదులు, ఎన్ని రాత్రులు నిండాయో గుణించి, ఆ వందకు ఎన్ని ఫిర్యాదులో చూడండి. 20 గదులు 30 రాత్రులు, 70 శాతం నిండితే 420 గది-రాత్రులు. 21 ఫిర్యాదులొస్తే వందకు 5. పని ముందు అది 15 ఉండి ఇప్పుడు 5 అయితే బాగుపడ్డట్టు.

ఫిర్యాదు తగ్గితే బోనస్ అని మేనేజరుకు చెప్పారంటే నోటుబుక్కులో ఫిర్యాదులు రాయడమే మానేస్తారు. అందుకే దానికి తోడు ప్లంబరు బిల్లులు కూడా లెక్కపెట్టండి. ప్లంబరు ఊరికే రాడు కాబట్టి ఆ అంకెను దాచడం కష్టం. వేడినీళ్ల పరీక్షను మూడు నెలల్లో మూడుసార్లు, తెల్లవారుజామున 4కే, ఫోన్‌లో టైమర్ పెట్టి చేయండి. ట్యాంకుకు బాగా దూరంగా ఉన్న గదిని తప్పక చూడాలి. పగలు 11కు ఒక్క గదిలో తిప్పి చూస్తే ఎప్పుడూ బాగానే వస్తుంది.

ఆపి ఉంచిన 5 శాతాన్ని నవంబరు వానలు దాటాకే ఇవ్వండి. వానలకు ముందు ప్రతి బాత్రూము కింది సీలింగు చూసి, పాత చెమ్మ మరకలుంటే వాటి అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేయండి. డిసెంబరు చివర మళ్లీ చూసినప్పుడు మరక గీత దాటి ఉంటే ఆ వరస డబ్బు ఆగుతుంది. అయితే మేస్త్రీని పిలిచే ముందు, ఆ చెమ్మ బాత్రూముదా, మిద్దె మీది వానదా అన్నది తేల్చుకోండి. పై అంతస్తు గదిలోనే కనిపించి కింది గదుల్లో లేకపోతే అది చాలావరకు మిద్దెది, అతని లెక్కలోది కాదు.